కోరంగి పాయల్లో తిరిగే పెట్రోలు బోటును కరెంటు మోటరుకు మార్చుకోవడం లాభమేనా?

గాడేరు గట్టు:

అందరికీ నమస్కారం. మాది తాళ్లరేవు మండలంలో గాడేరు పాయకు దగ్గరలోని ఊరు. మాకు 22 అడుగుల ఫైబరు బోటు, దానికి 9.9 హార్స్‌పవర్ పెట్రోలు అవుట్‌బోర్డు ఇంజను (బోటు వెనుక బయట బిగించేది) ఉన్నాయి. నాన్నగారూ తమ్ముడూ సాయంత్రం బయలుదేరి, మడ అడవుల మధ్య పాయల్లో వల వేసి, తెల్లవారేలోగా రేవుకు తిరిగివచ్చి సరుకును వేలంలో పెడతారు. సముద్రంలోకి వెళ్ళరు, మొగ, అంటే పాయ సముద్రంలో కలిసే చోటు, దాటవలసిన అవసరం ఏడాదిలో ఎప్పుడో గాని రాదు. రానూపోనూ కలిపి ఇరవై రెండు కిలోమీటర్ల దాకా ప్రయాణం, దానికి సుమారు ఆరు లీటర్ల పెట్రోలు ఖర్చవుతోంది. యానాం బంకులో పోయించుకుంటే లీటరుకు కొంత తగ్గుతుంది గాని, చేప పడినా పడకపోయినా పెట్రోలు కాలక తప్పదు కాబట్టి ఆ తేడా మమ్మల్ని గట్టెక్కించడం లేదు.

ఇంజను పాతబడి, కొత్తది కొనవలసిన సమయం వచ్చింది. ఈ సందర్భంలోనే ఒక విక్రేత 6 కిలోవాట్ల కరెంటు మోటరు, 10 యూనిట్ల (కిలోవాట్-అవర్ల) కరెంటు నిలవ ఉంచే లిథియం బ్యాటరీలు, చార్జరు అన్నీ కలిపి ఐదున్నర లక్షలకు ఇస్తామని చెప్పారు. ఆ మోటరు మా 9.9 ఇంజనుకు సమానమని కూడా అన్నారు. నాన్నగారు మాత్రం, పాటు, అంటే సముద్రం వైపు వెనక్కి లాగే నీరు, ఎదురైన వేళ బ్యాటరీ అయిపోతే బోటును ఎవరు లాక్కొస్తారని అడుగుతున్నారు, దానికి నా దగ్గర సమాధానం లేదు. సమానమన్న మాటలో నిజమెంత, 10 యూనిట్లు మా ప్రయాణానికి సరిపోతాయా, పెట్టిన డబ్బు ఎన్నాళ్లకు తిరిగివస్తుంది అనే మూడు విషయాలు తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

వేంబనాడు తెలుగు:

నేను కొచ్చిలో బోట్ల విద్యుత్ పనుల్లో ఉన్నాను. మీ మూడు ప్రశ్నలకూ సమాధానం మోటరు సామర్థ్యంలో లేదు, మీరు ఏ వేగంతో వెళ్లాలనుకుంటున్నారనే దానిలో ఉంది. అందువల్ల అక్కడి నుంచే మొదలుపెడతాను.

లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. చిన్న అవుట్‌బోర్డు ఇంజన్లు అందులో ఐదో వంతును, తరచూ అంతకన్నా తక్కువను మాత్రమే ప్రొపెల్లరు దాకా చేరుస్తాయి. మిగిలినదంతా వేడిగానూ పొగగానూ పోతుంది. ఆ లెక్కన మీ ఆరు లీటర్లలో పనికివచ్చేది 8 నుంచి 11 యూనిట్లు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని ఎక్కువ కాలం మన్నించుకోవాలంటే 80 శాతానికి మించి ఖాళీ చేయకూడదు. అంటే విక్రేత చెప్పిన 10 యూనిట్లలో మీ చేతికి వచ్చేది 8. మోటరూ, దానికి కరెంటును అదుపు చేసి అందించే కంట్రోలరూ కలిసి అందులో కూడా కొంత తింటాయి. కాబట్టి ఇప్పుడు నడిపినట్టే ఇంజను గొంతు చించుకునేలా నడిపితే, 10 యూనిట్లతో ఇంటికి చేరడం కష్టమే. 6 కిలోవాట్లను పూర్తిగా వాడితే గంటా ఇరవై నిమిషాలకు మించి బ్యాటరీ నిలవదు.

అయితే మీరు అలా నడపవలసిన అవసరం ఉందా అనేది చూడాలి. మీ బోటు నీటిని తాకే పొడవు 20 అడుగులు అనుకుంటే, గంటకు 11 కిలోమీటర్ల వేగం దగ్గర అది తాను లేపిన అలనే తాను ఎక్కవలసిన స్థితికి వస్తుంది. అక్కడి నుంచి ఎంత ఇంధనం తగలేసినా వేగం కొద్దికొద్దిగానే పెరుగుతుంది. అంతకు కింద కూడా కావలసిన శక్తి ఇంచుమించు వేగపు ఘనంతో (వేగం రెట్టింపైతే ఎనిమిది రెట్లు) పెరుగుతుంది కాబట్టి, వేగాన్ని కాస్త తగ్గిస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. మనుషులు, వల, ఐసు పెట్టె కలిపి 900 కిలోల బోటు గంటకు 7.5 కిలోమీటర్ల వేగంతో వెళ్లడానికి బ్యాటరీ నుంచి సుమారు 1.2 కిలోవాట్లు చాలునని నా అంచనా. 10 కిలోమీటర్ల వేగానికి అది 3 కిలోవాట్లకు చేరుతుంది. సాయంత్రం వెళ్లేటప్పుడు తొందర ఉండదు, తెల్లవారుజామున వచ్చేటప్పుడు వేలం వేళ దాటితే ధర పడిపోతుంది కాబట్టి తొందర ఉంటుంది. పదకొండు కిలోమీటర్లు నిదానంగా వెళ్లి, అంతే దూరం వేగంగా తిరిగివస్తే, వల దగ్గర మసలే ఖర్చుతో కలిపి 6 యూనిట్లు దాటుతుంది. నీరు నిలకడగా ఉన్న రోజున 8 యూనిట్లు సరిపోతాయి.

నా అంచనాను నమ్మి ఐదున్నర లక్షలు పెట్టవద్దు. మీ బోటునే తూచి చూసుకోవచ్చు. మరొక బోటుకు పొడవాటి తాడు కట్టి, మీ బోటును మామూలు బరువుతో నింపి లాగించండి. తాడు మధ్యలో చేపలు తూచే వేలాడే డిజిటల్ కాటాను తగిలించండి. ముందు బోటులో ఫోను జీపీఎస్ చూస్తూ గంటకు 7.5 కిలోమీటర్ల వేగం నిలిపి ఉంచి, కాటా ఎన్ని కిలోలు చూపుతోందో రాసుకోండి. 25 కిలోలు చూపిందనుకుంటే, బోటును కదిలించడానికి నిజంగా కావలసింది సుమారు 500 వాట్లు. ప్రొపెల్లరులోనూ మోటరులోనూ సగానికి పైగా పోతుంది కాబట్టి దాన్ని 0.45తో భాగిస్తే బ్యాటరీ నుంచి లాగే శక్తి, అంటే 1,100 వాట్లు వస్తుంది. ఇదే పరీక్షను 10 కిలోమీటర్ల వేగం దగ్గర మళ్లీ చేయండి. పోటుకూ పాటుకూ మధ్య నీరు నిలిచిన సమయంలోనే చేయాలి, లేకపోతే అంకెలకు అర్థం ఉండదు. తాడు పొడవుగా ఉండాలని చెప్పడానికి కారణం, ముందు బోటు వెనుక కలగుండు పడే నీటిలో మీ బోటు ఉంటే లాగుడు తప్పుగా కనిపిస్తుంది.

సమానమన్న మాట గురించి కూడా చెబుతాను. 6 కిలోవాట్లంటే 8 హార్స్‌పవర్. కరెంటు మోటరు తక్కువ తిరుగుడులోనే పూర్తి బలం ఇస్తుంది, పెద్ద ప్రొపెల్లరును నిదానంగా తిప్పగలదు. అందుచేత బరువు లాగడంలో 9.9 ఇంజనుతో పోటీ పడుతుంది, గరిష్ఠ వేగంలో మాత్రం పడదు. విక్రేత అబద్ధం చెప్పలేదు గాని సగమే చెప్పారు.

ఉప్పాడ కెరటం:

పై లెక్కలు పాయల వరకు బాగానే ఉన్నాయి. సముద్రం మీద వేట చేసే కుటుంబం నుంచి నేను రెండు మాటలు చెప్పదలిచాను, ఎందుకంటే ఇది చదివి మా తీరంలో ఎవరైనా ఉత్సాహపడే ప్రమాదం ఉంది.

ఒడ్డు నుంచి కెరటాలను దాటేటప్పుడు సగటు శక్తితో పని జరగదు. రెండు కెరటాల మధ్య దొరికిన ఆ కాస్త వ్యవధిలో ఉన్న బలమంతా ఒక్కసారి పెట్టాలి, ఆ క్షణంలో కంట్రోలరు వేడెక్కి శక్తి తగ్గించిందంటే బోటు అడ్డం తిరుగుతుంది. పైగా మేము చేపల జాడను బట్టి వెళ్తాం, దూరం ముందుగా తెలియదు. డీజిల్ అయిపోతుందనుకుంటే ఇంకో క్యాను వేసుకుంటాం. బ్యాటరీ అలా కాదు, నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా అదే బరువు. 10 యూనిట్ల బ్యాటరీ దాదాపు 100 కిలోలు ఉంటుందని విన్నాను. మాకు దానికి నాలుగైదు రెట్లు కావాలి. అప్పుడు చేపలకు చోటెక్కడ? ఇక మోటరు అమర్చిన మా బోట్లకు రాష్ట్ర ప్రభుత్వం డీజిల్ మీద లీటరుకు 9 రూపాయల చొప్పున, నెలకు 300 లీటర్ల వరకు రాయితీ ఇస్తోంది. కరెంటుకు మారినవాడు దాన్ని వదులుకోవలసిందే. మీది పెట్రోలు ఇంజను కాబట్టి ఆ నష్టం మీకు లేదు.

గాడేరు గట్టు గారి నాన్నగారు అడిగిన మాటే అసలైన మాట. పాటు లాగుతున్నప్పుడు పాయలో ఎదురు వెళ్లడం ఎలా ఉంటుందో కొచ్చి పెద్దమనిషి లెక్కలో నాకు కనబడలేదు.

వేంబనాడు తెలుగు:

కెరటాల విషయంలో ఉప్పాడవారితో నేను ఏకీభవిస్తున్నాను. నార్వేలో 2015లో 'కరోలినే' అనే 11 మీటర్ల చేపల బోటును బ్యాటరీలతో నీటిలోకి దించినప్పుడు కూడా, దానిలో డీజిల్ ఇంజనును తీసివేయలేదు. కేరళలో వైక్కం, తవణక్కడవు మధ్య 2017 జనవరి నుంచి నడుస్తున్న 'ఆదిత్య' సౌర పడవ 75 మందిని దాటిస్తూ మంచి పేరు తెచ్చుకుంది. అది విజయం సాధించడానికి కారణం ప్రతిరోజూ అదే దారి, అదే దూరం, నీటిని సన్నగా చీల్చుకుపోయే రెండు పొట్టల కట్టడం, రేవులోనే చార్జింగు. ఈ నాలుగింటిలో గాడేరు గట్టు గారికి మొదటి రెండూ ఉన్నాయి, చివరిది లేదనుకుంటాను.

ఎదురు నీటి లెక్క ఇది. బోటు నీటిలో గంటకు 7.5 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ, పాటు గంటకు 3.5 కిలోమీటర్లతో ఎదురొస్తే, గట్టును బట్టి చూసినప్పుడు మీరు కదిలేది 4 కిలోమీటర్లే. అదే దూరానికి దాదాపు రెట్టింపు సమయం, దాదాపు రెట్టింపు కరెంటు. కంగారుపడి వేగం పెంచితే ఘనంతో పెరిగే ఖర్చు వచ్చి నెత్తిన పడుతుంది. పెట్రోలు బోటుకూ ఇది జరుగుతూనే ఉంది గాని, ట్యాంకులో పోసేసిన లీటరు ఎవరికీ కనబడదు కాబట్టి ఎవరూ లెక్కించరు. బ్యాటరీ మీద అంకె కనబడుతుంది. పోటు మీద లోపలికి వెళ్లి, పాటు మీద బయటికి వచ్చేలా వేటను అమర్చుకోవడం తెరచాపల కాలంలో అందరికీ తెలిసిన విద్యే. మీ నాన్నగారికి ఆ వేళలు కంఠస్థమై ఉంటాయి. వేలం వేళ, నీటి వేళ కుదరని రోజులు నెలలో కొన్ని తప్పవు.

ఆ రోజుల కోసమే పాత పెట్రోలు ఇంజనును అమ్మవద్దని నా సలహా. బాగుచేయించి పక్కన బిగించి, రెండు లీటర్ల పెట్రోలుతో ఉంచుకోండి. అలాగైతే 6 కిలోవాట్ల మోటరు కూడా అక్కరలేదు. 3 కిలోవాట్లది చాలు, తెల్లవారుజాము వేగం దాని గరిష్ఠానికి దగ్గరగా ఉంటుంది గాని సమయం గంటే కాబట్టి తట్టుకుంటుంది. పెట్టుబడి బాగా తగ్గుతుంది.

డబ్బు విషయం. పెట్రోలు లీటరు 100 రూపాయలు అనుకుంటే వేటకు 600. కరెంటు యూనిట్ 8 రూపాయల చొప్పున, చార్జింగులో పోయేదానితో కలిపి 70 లోపు. మిగిలేది 530. ఏడాదికి 200 రాత్రులు వేటకు వెళితే లక్ష దాటుతుంది, ఐదున్నర లక్షలు తిరిగిరావడానికి ఐదేళ్లు పడుతుంది. కొత్త పెట్రోలు ఇంజనుకు మీరు ఎలాగూ పెట్టవలసిన డబ్బును తీసివేసి చూస్తే ఇంకా ముందే వస్తుంది. మంచి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 2,000 సార్లకు పైగా చార్జింగును తట్టుకుంటుంది, అయితే ఆ మాట వారంటీ కాగితం మీద ఉండాలి, అందులో ఉప్పునీటి వాడకాన్ని మినహాయించారేమో చదివి చూడాలి.

గాడేరు గట్టు:

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ ధన్యవాదాలు. మా రేవులో కరెంటు లేదు, ఇల్లు అక్కడికి అర కిలోమీటరు. ఇంకొక సందేహం. మా తమ్ముడు కాకినాడలో ఈ-రిక్షాలు బాగుచేసే చోట మాట్లాడి, ఈ-రిక్షా మోటరునూ లెడ్ యాసిడ్ బ్యాటరీలనూ పాత అవుట్‌బోర్డు కాలు మీద బిగిస్తే లక్షలోపే పని పూర్తవుతుందని అంటున్నాడు. అది సాధ్యమేనా? బోటు మీద సోలారు పలక వేసుకుంటే రేవులో కరెంటు లేని లోటు తీరుతుందా?

మోటరు మేస్త్రి:

మోటర్లకు చుట్టలు చుట్టే పనిలో ఉన్నవాడిని కాబట్టి ఈ ప్రశ్నకు నేను సమాధానం ఇస్తాను.

పెట్రోలు ఇంజను తలను తీసివేసి, కింది గేరు భాగాన్నీ ప్రొపెల్లరునూ అలాగే ఉంచి, పైన కరెంటు మోటరు బిగించడం చాలామంది చేస్తున్న పనే, అందులో వింత లేదు. ఇంజను షాఫ్టు రెండుసార్లు తిరిగితే ప్రొపెల్లరు ఒకసారి తిరిగేలా గేరు ఉంటుంది కాబట్టి, నిమిషానికి 3,000 తిరుగుడున్న మోటరు సరిగ్గా అమరుతుంది. చిక్కు ఈ-రిక్షా మోటరుతోనే. రోడ్డు మీద బండి ఒకసారి కదిలాక మోటరుకు మధ్య మధ్య విశ్రాంతి దొరుకుతుంది. పల్లం వస్తుంది, బ్రేకు పడుతుంది, మనుషులు ఎక్కుతారు, దిగుతారు. నీటిలో పల్లం లేదు. గంటసేపు ఒకే బరువును ఆపకుండా లాగాలి. ఈ-రిక్షా మోటరు 1 కిలోవాటు నుంచి ఒకటిన్నర వరకు ఉంటుంది, దాన్ని మీ తెల్లవారుజాము వేగానికి రెట్టింపు బరువుతో తిప్పితే చుట్టలు మాడి నా దగ్గరికే వస్తుంది. నాకు గిరాకీయే గాని మీకు అనవసర ఖర్చు. వేగం అక్కరలేని, ఇంతకన్నా చిన్న బోటుకైతే ఆ మోటరు పనికివస్తుంది, ఉప్పు తుంపర తగలకుండా గాలి ఆడే పెట్టెలో పెడితే.

లెడ్ యాసిడ్ బ్యాటరీలను నేను వద్దంటాను. వాటిని సగానికి మించి వాడితే త్వరగా చచ్చిపోతాయి, అంటే మీకు కావలసిన 8 యూనిట్ల కోసం 16 యూనిట్ల బ్యాటరీలు మోయాలి. వాటి బరువు నాలుగు వందల కిలోలు. పట్టిన చేపల కన్నా బ్యాటరీల బరువే ఎక్కువవుతుంది.

లిథియం కొన్నా, 10 యూనిట్లనూ ఒకే పెట్టెగా కొనవద్దు. 48 వోల్టుల 50 ఆంపియర్-అవర్ బ్యాటరీలు నాలుగు తీసుకోండి. ఒక్కొక్కటి పాతిక కిలోలు ఉంటుంది, ఒకరే ఎత్తి స్కూటరు మీద పెట్టి ఇంటికి తీసుకువెళ్లవచ్చు. నాలుగింటిలో ఒకటి పాడైనా మిగిలిన మూడింటితో బోటు ఇంటికి వస్తుంది. పగలంతా ఇంట్లో చార్జింగుకు సమయం ఉంది కాబట్టి పెద్ద చార్జరు అక్కరలేదు, రెండు చిన్న చార్జర్లు చాలు. నాలుగింటినీ పక్కపక్కన కలిపేటప్పుడు అన్నీ సమానంగా నిండి ఉన్నాయో లేదో వోల్టేజీ చూసి మరీ కలపాలి. ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా ఉండగా కలిపితే నిండుదాని నుంచి ఖాళీదానిలోకి ఒక్కసారిగా కరెంటు దూకుతుంది.

సోలారు పలక గురించి ఆశ పెట్టుకోవద్దు. 540 వాట్ల పలక ఏడడుగులకు పైగా పొడవు, మూడున్నర అడుగులకు పైగా వెడల్పు, పాతిక కిలోలకు పైగా బరువు. మన ఎండకు రోజుకు 2 యూనిట్లు ఇస్తుంది. మీ ఖర్చులో మూడో వంతు కూడా కాదు. వల లాగే చోట అది నెత్తికి తగులుతుంది, గాలి వచ్చినప్పుడు తెరచాపలా బోటును పక్కకు నెడుతుంది. అదే పలకను ఇంటి కప్పు మీద పెట్టుకుంటే అంతే కరెంటు వస్తుంది, అడ్డమూ ఉండదు.

తీగల సంగతి అందరూ చివరికి వదిలేస్తారు గాని, ఉప్పునీటి దగ్గర బోట్లు ఎక్కువగా ఆగిపోయేది మోటరు వల్ల కాదు, తీగ చివర నల్లబడటం వల్ల. 48 వోల్టుల దగ్గర 3 కిలోవాట్లంటే 60 ఆంపియర్లకు పైగా ప్రవహిస్తుంది. తీగలు కలిసే చోట కొద్దిగా ఉప్పు పేరుకున్నా అక్కడ వేడి పుడుతుంది. తగరం పూత ఉన్న రాగి తీగనే వాడాలి, తీగ చివరల లగ్గులను నొక్కుడు యంత్రంతో బిగించి, వేడి చేస్తే బిగుసుకునే, లోపల జిగురున్న గొట్టం తొడగాలి, ప్రతి బ్యాటరీ పాజిటివ్ దగ్గరే ఫ్యూజు ఉండాలి. అవుట్‌బోర్డు కాలి దగ్గరి జింకు ముక్కను అరిగినప్పుడల్లా మార్చాలి, లేకపోతే ఉప్పునీరు గేరు పెట్టె అల్యూమినియాన్ని తినేస్తుంది. మనిషి నీటిలో పడితే మోటరు ఆగిపోయేలా చేతికి కట్టుకునే తాడు స్విచ్చు తప్పనిసరి. కరెంటు మోటరు చప్పుడు చేయదు కాబట్టి, చీకట్లో వల సర్దేవారికి ప్రొపెల్లరు తిరుగుతోందో లేదో తెలియదు. నా దృష్టిలో అన్నింటికన్నా ఇదే ముఖ్యం.

ఉప్పాడ కెరటం:

మేస్త్రిగారి మాటకు ఒక చేర్పు. మీ బోటు రిజిస్ట్రేషను పత్రంలో ఇంజను వివరాలు ఉంటాయి. మోటరు మార్చాక మత్స్య శాఖ కార్యాలయంలో చెప్పి, చేపల బోట్లను నమోదు చేసే రియల్‌క్రాఫ్ట్ పోర్టల్‌లో మార్పించుకోండి. పత్రంలో ఒకటి, బోటు మీద ఒకటి ఉంటే తనిఖీలోనూ బీమా దగ్గరా ఇబ్బంది వస్తుంది. కరెంటు మోటరు కదా, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధం మనకు వర్తించదని కొందరు చెబుతున్నారు. ఆ మాట నమ్మవద్దు. మోటరు దేనితో తిరిగినా అది మోటరు బోటే.

మోటరు మేస్త్రి:

నిషేధం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆ రెండు నెలలూ బ్యాటరీలను నిండుగా గాని, ఖాళీగా గాని ఉంచకుండా సగం చార్జింగుతో నీడ పట్టున భద్రపరచండి. రేకుల షెడ్డులో పెట్టవద్దు, మే నెల వేడి వాటికి పడదు.

గాడేరు గట్టు:

నాన్నగారికి మొత్తం చదివి వినిపించాను. కాటాతో తూచే పరీక్షకు ఆయన ఒప్పుకున్నారు, పాత ఇంజను ఉంచుకుంటామంటే మిగతాదానికీ దాదాపు ఒప్పుకున్నారు. పక్క బోటువారిని అడిగాను, వచ్చే అష్టమికి నీటి లాగుడు తక్కువగా ఉంటుంది కాబట్టి ఆ రోజున పోటుకూ పాటుకూ మధ్య లాగించి చూస్తాం. 7.5, 10 కిలోమీటర్ల వేగాల దగ్గర వచ్చిన కిలోలను ఇక్కడే రాస్తాను; 3 కిలోవాట్ల మోటరు సరిపోతుందో లేదో వేంబనాడు తెలుగు గారు ఆ అంకెలు చూసి చెప్పగలరు.